ఆ 7,500 డాలర్లు ఎవరి జేబులోంచి వచ్చాయి? ఎలక్ట్రిక్ కార్ల టాక్స్ క్రెడిట్ అసలు ఖర్చు

పోయిన ఎపిసోడ్‌లో ఎలక్ట్రిక్ కారు కొనాలా, హైబ్రిడ్ సరిపోతుందా అని మాట్లాడుకున్నాం. ఆ తర్వాత వచ్చిన వాయిస్ మెసేజుల్లో సగం కారు గురించి కాదు, డబ్బు గురించి. "7,500 డాలర్ల క్రెడిట్ ఉన్నట్టుండి తీసేశారు, మాకు అన్యాయం జరిగింది" అని కొందరు. "ఇద్దరూ సాఫ్ట్‌వేర్‌లో సంపాదించే ఇంటికి గవర్నమెంటు కారు డబ్బులు ఎందుకివ్వాలండీ, అది మా టాక్సే కదా" అని ఇంకొందరు. ఎపిసోడ్‌లో టైము చాలక వదిలేసిన లెక్కలు ఇక్కడ ఒక్కొక్కటిగా రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేనూ ఆ డబ్బు తీసుకున్నవాణ్ణే. 2024లో లీజుకి తీసుకున్న కారు మీద ఆ తగ్గింపు నాకూ వచ్చింది. కాబట్టి తీసుకున్నవాళ్ళని వేలెత్తి చూపించడం నా ఉద్దేశం కాదు. చట్టం ఇచ్చింది, తీసుకున్నాం. ప్రశ్న చట్టం గురించి: పెట్టిన ఖర్చుకి దేశానికి ఏం వచ్చింది?

ఖర్చులా కనిపించని ఖర్చు

ప్రభుత్వం మీకు 7,500 డాలర్ల చెక్కు రాసిస్తే దాన్ని ఖర్చు అంటాం. అదే ప్రభుత్వం మీరు కట్టాల్సిన పన్నులో 7,500 వదిలేస్తే "పన్ను తగ్గింపు" అంటాం. ఖజానా వైపు నుంచి చూస్తే రెండూ ఒకటే. రెండింట్లోనూ అంత డబ్బు తక్కువ పడుతుంది. దాన్ని వేరేవాళ్ళ పన్నుతోనో, అప్పుతోనో పూడ్చాలి.

అమెరికా ట్రెజరీలో పనిచేసిన స్టాన్లీ సర్రీ 1967లో దీనికి "టాక్స్ ఎక్స్‌పెండిచర్" అని పేరు పెట్టారు. అంటే పన్ను దారిలో చేసే ఖర్చు అన్నమాట. 1974 బడ్జెట్ చట్టం వచ్చాక ఇలాంటి వాటన్నిటి జాబితా ఏటా లెక్కగట్టి చూపించడం మొదలైంది.

మామూలు ఖర్చుకీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. స్కూలుకో, రోడ్డుకో డబ్బివ్వాలంటే సాధారణంగా ఏటా ఇంత అని కేటాయిస్తారు. టాక్స్ క్రెడిట్‌కి అలా ఉండదు. ఒకసారి చట్టం చేశాక అర్హత ఉన్న ప్రతివాళ్ళూ తీసుకోవచ్చు. ఎంతమంది వస్తారో తెలియకుండా భోజనాలకి పిలిచినట్టు. బిల్లు ఎంతయిందో అందరూ తిని లేచాకే తెలుస్తుంది.

మొదట హైబ్రిడ్‌లకి

ఈ కథ ఎలక్ట్రిక్ కార్లతో మొదలవలేదు. 2005 ఇంధన చట్టంలో హైబ్రిడ్ కార్లకి 3,400 డాలర్ల దాకా క్రెడిట్ పెట్టారు. టొయోటా ప్రియస్‌కి 3,150 వచ్చేది. అయితే ఆ చట్టంలో ఒక కళ్ళెం ఉంది. ఒక కంపెనీ అర్హమైన బళ్ళు 60,000 అమ్మేసిందంటే క్రెడిట్ మెల్లగా తగ్గుతూ వస్తుంది. టొయోటా ఆ సంఖ్యని 2006లోనే దాటేసింది. ఆ అక్టోబర్‌లో క్రెడిట్ సగమైంది, 2007 అక్టోబర్‌కల్లా పూర్తిగా పోయింది.

2008లో ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసే కార్లకి కొత్త క్రెడిట్ వచ్చింది. బ్యాటరీ సైజుని బట్టి 2,500 నుంచి 7,500 డాలర్లు. 2009లో దాన్ని సవరించి కంపెనీకి 2 లక్షల బళ్ళు అని హద్దు పెట్టారు. టెస్లా 2018 జులైలో, జనరల్ మోటార్స్ అదే ఏడాది చివర్లో ఆ హద్దు దాటాయి. 2020 వసంతం నాటికి రెండు కంపెనీలకీ క్రెడిట్ సున్నా.

బాగా అమ్మినవాడికే ముందు తీసేస్తారేంటని అప్పట్లో చాలామంది విసుక్కున్నారు. అందులో న్యాయం ఉంది. కానీ ఖజానా వైపు నుంచి చూడండి. 2 లక్షల బళ్ళు, బండికి 7,500 అంటే కంపెనీకి 1.5 బిలియన్ డాలర్లు, అంటే 150 కోట్లు. తగ్గింపు కాలంలో దానికి ఇంకొంత కలుస్తుంది. బిల్లు ఎక్కడ ఆగుతుందో కనీసం ఒక అందాజా ఉండేది.

అంచనా ఎంత, బిల్లు ఎంత

2022 ఆగస్టులో వచ్చిన ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్ ఆ హద్దు తీసేసింది. బదులుగా వేరే షరతులు పెట్టింది. కారు ఉత్తర అమెరికాలో తయారవ్వాలి. ధర సెడాన్ అయితే 55,000, ఎస్‌యూవీ అయితే 80,000 దాటకూడదు. ఆదాయం భార్యాభర్తలు కలిసి ఫైల్ చేస్తే 3 లక్షల డాలర్లు, ఒంటరివాళ్ళకి లక్షన్నర దాటకూడదు. తర్వాత బ్యాటరీ ఎక్కడ తయారైంది, అందులో ఖనిజాలు ఎక్కడివి అన్న షరతులూ వచ్చాయి. 25,000 డాలర్ల లోపు పాత ఎలక్ట్రిక్ కార్లకి 4,000 దాకా ఇచ్చారు. వ్యాపార వాహనాలకి మూడో క్రెడిట్ ఒకటి.

చట్టం పాసైనప్పుడు కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీస్ వేసిన అంచనా ఇదీ: కొత్త కార్ల క్రెడిట్‌కి పదేళ్ళలో సుమారు 7.5 బిలియన్ డాలర్లు. మూడూ కలిపితే సుమారు 12.5 బిలియన్లు. అదే 2025లో ఈ మూడూ ఎత్తేస్తే ఎంత మిగులుతుందని లెక్కేస్తే పదేళ్ళకి 150 బిలియన్ల పైమాటే వచ్చింది. మూడేళ్ళలో లెక్క పది రెట్లు దాటిపోయింది.

ఎందుకంత తేడా? ఒక పెద్ద కారణం ఆ మూడో క్రెడిట్. వ్యాపార వాహనాలకని పెట్టిన దాంట్లో ఆదాయ పరిమితి లేదు, తయారీ షరతూ లేదు. లీజు కారుకి చట్టప్రకారం యజమాని లీజు కంపెనీయే. అంటే అది వ్యాపారం కింద లెక్క. 2022 డిసెంబర్ చివర్లో ట్రెజరీ దీన్ని ఖాయం చేసింది. ఇంకేముంది, కొరియాలో తయారైన కారైనా, ఇంటి ఆదాయం 4 లక్షలైనా, లీజు అయితే 7,500 వచ్చేస్తుంది. మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో "కొనకు, లీజు చెయ్యి" అనే సలహా తిరిగింది అందుకే. నా కారూ ఆ దారిలో వచ్చిందే. ముందు తలుపుకి తాళం వేసి పెరటి తలుపు తెరిచి పెట్టినట్టయింది.

రెండో కారణం, కాలుష్యం మీద 2024లో కొత్త నిబంధనలు వచ్చాక ఎలక్ట్రిక్ కార్లు ఇంకా ఎక్కువ అమ్ముడవుతాయని లెక్కలు మారాయి. హద్దు లేని క్రెడిట్‌కి కార్లు పెరిగేకొద్దీ బిల్లు పెరుగుతుంది. అంటే పథకం ఎంత గెలిస్తే ఖజానాకి అంత బరువు.

150 బిలియన్లంటే మనకి అంతుపట్టదు కాబట్టి ఇంటి లెక్కలోకి తెద్దాం. ఈ దేశంలో ఏటా 15 కోట్లకి పైగా ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు ఫైలవుతాయి. పదేళ్ళకి 150 బిలియన్లంటే స్థూలంగా ఒక్కో రిటర్నుకి ఏడాదికి 100 డాలర్లు. కారు కొన్నవాళ్ళకీ, కొననివాళ్ళకీ, బస్సెక్కేవాళ్ళకీ.

ఒక అదనపు కారు ధర

ఇప్పుడు అసలు విషయం. చాలామంది "ప్రభుత్వం కారుకి 7,500 ఖర్చుపెట్టింది" అంటారు. ఆ లెక్క సరిపోదు.

ఇలా ఆలోచించండి. మీ అమ్మాయి పెళ్ళి డాలస్‌లో. బంధువులు ఎక్కువమంది రావాలని పది కుటుంబాలకి ఫ్లైట్ టికెట్లు కొనిచ్చారు. పదీ వచ్చాయి. బాగుంది. కానీ అందులో ఏడు కుటుంబాలు టికెట్ ఇవ్వకపోయినా వచ్చేవే. మీ టికెట్ల వల్ల వచ్చినవి మూడే. అంటే మూడు కుటుంబాలని రప్పించడానికి మీరు పది కుటుంబాల టికెట్లు కొన్నారు.

కార్ల విషయంలో అచ్చం ఇదే. 2010 నుంచి 2014 దాకా జరిగిన అమ్మకాలని పరిశీలించి షింగ్, లియర్డ్, లీ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 2021లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, క్రెడిట్ సొమ్ములో సుమారు 70 శాతం ఎలాగూ ఎలక్ట్రిక్ కారు కొనేవాళ్ళకే వెళ్ళింది. పది కార్లకి 75,000 డాలర్లు ఇస్తే మూడు కార్లు పెరిగాయి. అంటే పెరిగిన ఒక్కో కారుకి పడింది 25,000. పైగా క్రెడిట్ వల్ల ఎలక్ట్రిక్ కారుకి మారినవాళ్ళు ఎక్కువగా అది లేకపోతే మైలేజీ బాగా ఇచ్చే చిన్న కారో, హైబ్రిడ్డో కొనేవాళ్ళు. పెట్రోలు తెగ తాగే పికప్ ట్రక్కు వదిలి వచ్చినవాళ్ళు తక్కువ.

కొత్త చట్టం మీద హంట్ ఆల్కాట్, మరికొందరు ఆర్థికవేత్తలు 2024లో ఇదే లెక్క వేశారు. 2023లో అమ్ముడైన ఒక్కో అదనపు ఎలక్ట్రిక్ కారుకి టాక్స్ కట్టేవాళ్ళకి పడింది సుమారు 32,000 డాలర్లు. 32,000ని 7,500తో భాగిస్తే నాలుగు పైచిలుకు వస్తుంది. అంటే తీసుకున్న ప్రతి నలుగురిలో మన కోసమని పెట్టిన క్రెడిట్ నిజంగా మనసు మార్చింది ఒక్కరిదే అనుకోవచ్చు.

అయితే అదే పరిశోధన ఇంకో మాట కూడా చెప్పింది, దాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. అసలు క్రెడిట్లే లేకపోవడంతో పోలిస్తే, పెట్టిన ఒక్కో డాలరుకి దేశానికి 1.87 డాలర్ల లాభం వచ్చిందట. కాలుష్యం తగ్గడం, కొనేవాళ్ళ లాభం, ఇక్కడి కంపెనీల లాభం అన్నీ కలిపి. కాబట్టి "అంతా బూడిదలో పోసిన పన్నీరు" అనడానికి లేదు. కానీ అంతకు ముందున్న పాత చట్టంతో పోల్చి చూస్తే, అదనంగా పెట్టిన డాలరుకి తిరిగి వచ్చింది ఇంచుమించు ఒక్క డాలరే.

లాభం అన్నిచోట్లా ఒకేలా ఉండదు కూడా. ఎలక్ట్రిక్ కారు పొగ వదలదు కానీ కరెంటు ఎక్కడో తయారవ్వాలి కదా. హాలండ్, మాన్సర్, మల్లర్, యేట్స్ 2016లో రాష్ట్రాలవారీగా లెక్కగట్టారు. పర్యావరణం కోసమే అయితే కాలిఫోర్నియాలో ఒక ఎలక్ట్రిక్ కారుకి 2,785 డాలర్లు ఇవ్వొచ్చని, బొగ్గు కరెంటు మీద నడిచే నార్త్ డకోటాలో ఎదురు 4,964 డాలర్ల పన్ను వెయ్యాలని తేలింది. ఆ లెక్కలు వేసిన నాటికంటే ఇప్పుడు కరెంటులో బొగ్గు వాటా బాగా తగ్గింది. అయినా ఫెడరల్ క్రెడిట్ మాత్రం ఎక్కడ నడిపినా ఒకటే.

ఎవరికి అందింది

బర్క్‌లీకి చెందిన సెవరిన్ బోరెన్‌స్టైన్, లూకస్ డేవిస్ 2006 నుంచి 2012 దాకా టాక్స్ రిటర్నుల లెక్కలు తీశారు. ఎలక్ట్రిక్ కార్ల క్రెడిట్‌లో దాదాపు 90 శాతం ఆదాయంలో పైనున్న ఐదో వంతు కుటుంబాలకే చేరింది.

కొత్త కారు కొనేది డబ్బున్నవాళ్ళే అన్నది ఒక కారణం. రెండోది క్రెడిట్ కట్టుబడిలోనే ఉంది. మీరు కట్టాల్సిన పన్ను ఎంతుందో అంతవరకే అది పనిచేస్తుంది, మిగతాది చేతికి రాదు. ఇద్దరు పిల్లలతో ఏడాదికి 60,000 డాలర్ల మీద నడిచే ఇంటినే తీసుకోండి. 2019 లెక్కల్లో స్టాండర్డ్ డిడక్షన్, పిల్లల క్రెడిట్ పోతే వాళ్ళ ఫెడరల్ ఇన్‌కమ్ టాక్స్ సున్నా దగ్గరికి వచ్చేసేది. వాళ్ళకి 7,500 అనేది బోర్డు మీద రాసి ఉండే సంఖ్య. పక్కింట్లో రెండు జీతాలవాళ్ళకి మాత్రం పూర్తిగా నగదు.

2024 జనవరి నుంచి ఈ ఇబ్బంది చాలావరకు తీరింది. క్రెడిట్‌ని డీలర్‌కే బదిలీ చేసి కారు ధరలో అక్కడికక్కడే తగ్గించుకోవచ్చన్నారు. పన్ను తక్కువ ఉన్నవాళ్ళకీ పూర్తి మొత్తం దక్కింది. నన్నడిగితే మొత్తం చట్టంలో బాగా ఆలోచించి పెట్టినవి ఇదీ, పాత కార్ల క్రెడిట్టూ. ఊబర్ నడుపుకునేవాళ్ళకీ, కొత్తగా వచ్చి మొదటి కారు కొనుక్కునేవాళ్ళకీ అవి అందాయి.

అట్లాంటావాళ్ళకి గుర్తుండే కథ

ఆపేస్తే ఏమవుతుందో చూడాలంటే జార్జియాని చూడాలి. అక్కడ రాష్ట్రం విడిగా 5,000 డాలర్ల దాకా క్రెడిట్ ఇచ్చేది. లీజుకీ వర్తించేది. ఫెడరల్ 7,500 లీజులో కలిసిపోతే నిస్సాన్ లీఫ్ రెండేళ్ళ వాయిదాలు దాదాపు ఆ 5,000లోనే వచ్చేసేవి. పెట్రోలు ఖర్చు లేదు, వాయిదా లేనట్టే. అట్లాంటా ఉత్తర శివార్లలో లీఫ్‌లు వరసకట్టాయి.

2015లో రాష్ట్రం రోడ్ల నిధుల కోసం ఒక చట్టం చేసింది. జులై 1 నుంచి 5,000 క్రెడిట్ రద్దు. పైగా ఎలక్ట్రిక్ కారుకి ఏటా 200 డాలర్ల రిజిస్ట్రేషన్ ఫీజు. అమ్మకాలు ఒక్కసారిగా కుప్పకూలాయి. దాన్నిబట్టి రెండు విషయాలు అర్థమవుతాయి. క్రెడిట్ పెద్దదైతే అమ్మకాలు నిజంగానే పెంచుతుంది. కానీ అలా పెరిగింది దాని మీదే నిలబడి ఉంటుంది, తీసెయ్యగానే పడిపోతుంది.

ఆ 200 లెక్క కూడా చూద్దాం. రోడ్లకి డబ్బు పెట్రోలు పన్నులోంచి వస్తుంది. ఎలక్ట్రిక్ కారు అది కట్టదు, కాబట్టి ఫీజు అడగడంలో తప్పు లేదు. ఏడాదికి 12,000 మైళ్ళు, గాలన్‌కి 30 మైళ్ళ కారు అనుకుంటే 400 గాలన్లు. అప్పటి జార్జియా పన్ను గాలన్‌కి 26 సెంట్లు. అంటే మామూలు కారు కట్టేది 104 డాలర్లు, ఎలక్ట్రిక్ కారు కట్టేది 200. నిన్నటిదాకా ఎదురిచ్చి, తెల్లారేసరికి రెట్టింపు అడిగారు. టెక్సస్ కూడా 2023 సెప్టెంబర్ నుంచి ఏటా 200 తీసుకుంటోంది. కొత్త కారుకైతే మొదట రెండేళ్ళకి కలిపి 400.

ఫెడరల్ పెట్రోలు పన్ను 1993 నుంచి గాలన్‌కి 18.4 సెంట్లే. అదే 400 గాలన్లకి ఏడాదికి 74 డాలర్లు. పదేళ్ళు నడిపినా 740. ఎలక్ట్రిక్ కార్ల వల్లే రోడ్ల నిధి ఖాళీ అయిందనేవాళ్ళు ఇది గమనించాలి. ఆ నిధికి 2008 నుంచే బయటి డబ్బు పోస్తున్నారు. ముప్పై ఏళ్ళుగా పెంచని పన్ను అసలు రోగం.

తీసేశాక ఏం జరిగింది

2025 జులై 4న సంతకమైన చట్టంతో ఈ మూడు క్రెడిట్లూ సెప్టెంబర్ 30తో ముగిశాయి. జులై నుంచి సెప్టెంబర్ దాకా జనం ఎగబడి కొన్నారు, అమెరికాలో ఎలక్ట్రిక్ కార్ల అమ్మకాలు రికార్డు కొట్టాయి. అక్టోబర్ నుంచి బాగా పడిపోయాయి. ఆ పడిపోవడం మొత్తాన్ని క్రెడిట్ గొప్పతనం అనుకోకూడదు. డిసెంబర్‌లోనో, మార్చిలోనో కొనాల్సినవాళ్ళు కొందరు ముందే కొనేసుకున్నారు.

ఇంకోటి చూడండి. క్రెడిట్ పోయిన రోజుల్లోనే హ్యుందాయ్ తన 2026 అయోనిక్ 5 ధరలని కొన్ని మోడళ్ళ మీద 9,000 డాలర్ల పైగా తగ్గించింది. అంతకు ముందు ధర క్రెడిట్ చూసుకునే పెట్టారని ఖాయంగా అనలేం. పోటీ, నిల్వలు, చాలా కారణాలుంటాయి. కానీ క్రెడిట్ కొనేవాళ్ళ పేరు మీద వచ్చినా, అందులో కొంత అమ్మేవాళ్ళ జేబులోకి వెళ్ళడం జరుగుతుంది. ఎప్పుడూ అలాగే జరుగుతుందనీ లేదు. ప్రియస్ మీద జేమ్స్ శాలీ 2011లో చేసిన పరిశోధనలో ఆ రోజుల్లో లాభమంతా కొన్నవాళ్ళకే దక్కిందని తేలింది.

హైదరాబాద్‌లో అమ్మానాన్నల కారు

ఇండియాలో తల్లిదండ్రులకి ఎలక్ట్రిక్ కారు కొనిస్తున్న శ్రోతలు ఉన్నారు, వాళ్ళకీ ఇదే లెక్క వర్తిస్తుంది. తెలంగాణ 2020 విధానంలో రోడ్ టాక్స్ మాఫీకి సంఖ్య హద్దులుండేవి: మొదటి 2 లక్షల టూవీలర్లు, మొదటి 5,000 సొంత కార్లు, అలా. 2024 నవంబర్‌లో ఆ హద్దులు తీసేసి, 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ అన్నారు. లైఫ్ టాక్స్ కారు ధర మీద శాతం లెక్క. కాబట్టి 60 లక్షల కారు కొన్నవాళ్ళకి మాఫీ అయ్యేది, 10 లక్షల కారు కొన్నవాళ్ళకంటే చాలా పెద్ద మొత్తం. స్కూటర్ కొన్న డెలివరీ కుర్రాడికి మిగిలేది వేలల్లోనే.

మరి ఇవ్వకూడదా?

ఇవ్వకూడదని నేను అనడం లేదు. కొత్త టెక్నాలజీకి మొదట్లో చెయ్యి అందించడం అవసరమే. నా అభ్యంతరం హద్దు లేకుండా, ఎవరికి అని చూడకుండా ఇవ్వడం మీద. అందుకే ఇకమీదట ఏ పథకం వచ్చినా నేను మూడే అడుగుతాను. ఇది లేకపోయినా కొనేవాళ్ళు ఎంతమంది? పన్ను తక్కువ కట్టే ఇంటికి ఇది చేరుతుందా? బిల్లు ఎక్కడ ఆగుతుంది?

2025 చట్టంలోనే వచ్చిన కొత్త పథకానికి ఇవే వేసి చూడండి. అమెరికాలో తయారైన కొత్త కారు లోను మీద కట్టే వడ్డీని, ఏడాదికి 10,000 డాలర్ల దాకా, ఆదాయంలోంచి తీసేసుకోవచ్చు. 2025 నుంచి 2028 దాకా. పెట్రోలు కారైనా పర్వాలేదు. వడ్డీ 2,000 కట్టారనుకుందాం. 12 శాతం స్లాబులో ఉన్న ఇంటికి మిగిలేది 240, 22 శాతం స్లాబులో ఉన్న ఇంటికి 440. పన్నే పడని ఇంటికి సున్నా. ఆదాయం ఒంటరివాళ్ళకి లక్ష, జంటకి 2 లక్షలు దాటాక తగ్గుతుంది కాబట్టి పైన ఒక కళ్ళెం ఉంది, నాలుగేళ్ళ గడువూ ఉంది. బిల్లు ఆగే చోటు తెలుసు. కానీ ఏటా రెండొందలో, నాలుగొందలో మిగులుతాయని కారు కొనాలా వద్దా అన్న నిర్ణయం మార్చుకునేవాళ్ళు ఎంతమంది? మొదటి ప్రశ్న దగ్గర ఇదీ ఇబ్బంది పడుతుంది.

మీ రాష్ట్రంలో ఎలక్ట్రిక్ కారుకి ఏటా ఎంత ఫీజు కడుతున్నారో, అదే కారు పెట్రోలుదైతే ఎంత పన్ను పడేదో పైన చూపించినట్టు 400 గాలన్ల లెక్క వేసి వాయిస్ మెసేజ్ పంపండి. రాష్ట్రాలవారీగా పట్టిక చేసి వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాను.